పడమటి కిటికీకి ఏ అద్దం వేయించాలి? స్మార్ట్ గ్లాస్ కొనేముందు బెజవాడ ఎండలో వేసుకోవాల్సిన లెక్క

మా షాపు విజయవాడ ఆటోనగర్‌లో, పడమటి ముఖం. మధ్యాహ్నం మూడు దాటిందంటే ఎండ కౌంటరు మీదికి వచ్చేస్తుంది. వేసవిలో కిటికీ అద్దాల కోసం ఎవరైనా ఫోన్ చేస్తే ఆ టైముకే రమ్మంటాను. నా దగ్గర మూడు శాంపిల్ ముక్కలుంటాయి. ఒకటి మామూలు తెల్ల అద్దం. ఒకటి ముదురు గ్రే అద్దం. మూడోది రెండు పలకల మధ్య ఖాళీ ఉండే డబుల్ గ్లాస్, లోపల కంటికి కనపడని లో-ఈ పూత ఉన్నది. "వీటిల్లో ఏది గదిని చల్లగా ఉంచుతుందంటారు?" అని అడుగుతాను. అందరి వేలూ ముదురు గ్రే మీదికే పోతుంది.

అప్పుడు కళ్ళు మూసుకోమని, ఎండకు అడ్డంగా పట్టుకున్న ముక్క వెనక అరచెయ్యి పెట్టమంటాను. తెల్లదాని వెనక వెంటనే చురుక్కుమంటుంది. గ్రే దాని వెనక మొదట నయమనిపిస్తుంది. కాసేపు ఆగితే అద్దమే వేడెక్కి చేతికి సెగ కొడుతుంది. మూడోదాని వెనక పెట్టిన చెయ్యి మాత్రం కదలదు. కళ్ళు తెరిచి చూస్తే అది దాదాపు తెల్ల అద్దంలాగే ఉంటుంది. "ఇదా!" అంటారు.

ఎండలో మన కంటికి కనపడే వెలుతురు సగం కంటే తక్కువే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కనపడని పరారుణ కిరణాలు. రంగు అద్దం వెలుతుర్ని ఆపుతుంది, ఆపిన వేడిని తానే మింగి, అందులో కొంత గదిలోకి వదులుతుంది. లో-ఈ పూతంటే వెండి పొర, మీటరులో వంద కోట్ల వంతుల్లో కొలిచేంత పల్చన. అది వెలుతుర్ని చాలావరకు రానిచ్చి పరారుణాన్ని వెనక్కి కొడుతుంది. అద్దం నల్లగా ఉంటే చల్లగా ఉంటుందనుకోవడం మన కంటి పొరపాటు.

ఇదంతా రాయడానికి కారణం ఒక డాక్టరు గారు. కిందటేడు రోహిణీ కార్తె ముందు వచ్చారు. ఆయన క్లినిక్‌లో కన్సల్టింగ్ గదికి పడమటి కిటికీ, ఆరడుగుల వెడల్పు, నాలుగున్నర ఎత్తు. అంతకు ముందే వేరే ఊరి నుంచి స్మార్ట్ గ్లాస్ తెప్పించి వేయించుకున్నారు. స్విచ్ వేస్తే తేటగా, తీస్తే పాలరంగులోకి మారేది. "ఏసీ బిల్లు సగమవుతుందన్నారండీ. బిల్లు అలాగే ఉంది, గది ఇంకా మండుతోంది. మీరొకసారి చూడండి" అన్నారు. వెళ్ళి చూస్తే నాలుగింటికి ఆ కిటికీ మొత్తం ట్యూబ్‌లైట్‌లా వెలుగుతోంది. పేషెంటు కూర్చునే కుర్చీ దగ్గర చెయ్యి పెడితే వేడి ఏమీ తగ్గలేదు. ఆ అద్దంలో లోపమేమీ లేదు. అది చేసే పని వేరు, ఆయనకు కావలసిన పని వేరు. ఆ తేడా తర్వాత చెబుతాను. ముందు మీ కిటికీ సంగతి చూద్దాం.

ముందు ఎండను చూడండి, అద్దాన్ని కాదు

ఒక సెలవు రోజు ఉదయం ఎనిమిదింటికి, పన్నెండింటికి, నాలుగింటికి, ఐదున్నరకి ఇంట్లోని ప్రతి కిటికీ దగ్గరా నిలబడండి. నేల మీద, మంచం మీద ఎండ ఎంత మేర పడుతోందో సుద్దముక్కతో గీసుకోండి. నవ్వకండి, నేను నిజంగానే గీయిస్తాను. ఇంట్లో ఎనిమిది కిటికీలుంటే వాటిల్లో ఖరీదైన అద్దం కావలసినవి రెండో మూడో తేలతాయి.

మన దగ్గర దక్షిణపు కిటికీకి భయపడాల్సిన పని లేదు. వేసవిలో సూర్యుడు నెత్తి మీదికి వస్తాడు. బెజవాడలోనైతే మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. కాబట్టి దక్షిణపు గోడకి ఆ రోజుల్లో నేరుగా ఎండ పడదు. చలికాలంలో పడుతుంది, దానికి రెండడుగుల సన్‌షేడ్ చాలు. తూర్పున ఎండ పడేసరికి గోడలింకా చల్లగానే ఉంటాయి. అసలు శత్రువు పడమర. సాయంత్రం సూర్యుడు కిందికి దిగి సన్‌షేడ్ కింది నుంచి నేరుగా దూరతాడు. అప్పటికి గోడలూ డాబా కాగి ఉంటాయి, బయట గాలి నలభై దాటి ఉంటుంది.

ఉత్తరం గురించి కూడా ఒక మాట. జూన్‌లో సూర్యుడు సరిగ్గా పడమట కుంకడు, దాదాపు 25 డిగ్రీలు ఉత్తరానికి జరిగి కుంకుతాడు. అందుకే ఉత్తరపు కిటికీలోకి కూడా సాయంత్రం ఏటవాలుగా ఎండ వస్తుంది. దక్షిణానికి వెళ్ళేకొద్దీ ఈ బాధ ఎక్కువ. వాణిజ్య భవనాల కోసం కేంద్రం 2017లో తెచ్చిన ఇంధన పొదుపు కోడ్ 15 డిగ్రీల అక్షాంశం దగ్గర గీత గీసింది. ఆ గీతకు పైనున్న హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఉత్తరపు కిటికీకి కాస్త వెసులుబాటు ఇచ్చింది. కిందనున్న నెల్లూరు, తిరుపతి, కడప, అనంతపురాల్లో ఉత్తరమైనా పడమరైనా ఒకటే కొలత.

ఇప్పుడు లెక్క

అద్దం కాగితం మీద మూడు అంకెలుంటాయి. నా మాటల్లో చెబుతాను.

ఎస్.హెచ్.జి.సి. అంటే అద్దం మీద పడిన ఎండ వేడిలో ఎంత వంతు గదిలోకి వస్తుందో చెప్పేది. 0.82 అంటే రూపాయికి 82 పైసలు లోపలికొచ్చినట్టు. యూ వాల్యూ అంటే ఎండతో పని లేకుండా బయటి వేడి గాలి నుంచి లోపలి చల్లగాలికి అద్దం గుండా ఎంత వేడి పాకుతుందో చెప్పేది. వీ.ఎల్.టీ. అంటే వెలుతురు ఎంత శాతం వస్తుందో చెప్పేది. మొదటి రెండూ తక్కువుంటే మంచిది, మూడోది ఎక్కువుంటే మంచిది.

డాక్టరు గారి కిటికీయే తీసుకుందాం. 27 చదరపు అడుగులంటే రెండున్నర చదరపు మీటర్లు. మే నెల సాయంత్రం పడమటి గోడ మీద చదరపు మీటరుకు 600 వాట్ల ఎండ పడుతోందనుకుందాం. బయట 42 డిగ్రీలు, లోపల 26.

మామూలు ఆరు మిల్లీమీటర్ల తెల్ల అద్దానికి ఎస్.హెచ్.జి.సి. 0.82, యూ వాల్యూ 5.7. ఎండ వల్ల వచ్చేది 600 × 2.5 × 0.82, అంటే 1,230 వాట్లు. గాలి వేడి వల్ల వచ్చేది 5.7 × 2.5 × 16, అంటే 228 వాట్లు. మొత్తం 1,460 దాకా. ఈ రెండంకెలనీ పక్కపక్కన పెట్టి చూడండి. గాలి వేడి కంటే ఎండ వేడి ఐదు రెట్లు! ఒక టన్ను ఏసీ తోడెయ్యగలిగేది 3,500 వాట్ల వేడి. అంటే ఈ ఒక్క కిటికీయే టన్నులో మూడో వంతుకు పైగా తినేస్తోంది.

ఇప్పుడు పూతలేవీ లేని తెల్ల డబుల్ గ్లాస్ వేశామనుకోండి. ఎస్.హెచ్.జి.సి. 0.70 దగ్గరుంటుంది, యూ వాల్యూ 2.8. మొత్తం 1,160 వాట్లు. ఒంటి పలకే, కానీ ఎండ వేడిని తగ్గించే పూత ఉండి ఎస్.హెచ్.జి.సి. 0.45 ఉన్న సోలార్ కంట్రోల్ అద్దం వేస్తే మొత్తం దాదాపు 900. చూశారా, ఒంటి పలకే గెలిచింది. 0.27 ఎస్.హెచ్.జి.సి., 1.7 యూ వాల్యూ ఉన్న లో-ఈ డబుల్ గ్లాస్ వేస్తే 470 చిల్లర.

"డబుల్ గ్లాస్ వేయించాం, అయినా వేడి తగ్గలేదు" అని వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి జరిగింది ఇదే. డబుల్ గ్లాస్ చలిదేశాల మందు. అక్కడ లోపలి వెచ్చదనం బయటికి పోకూడదు. అందుకని యూ వాల్యూని చూస్తారు, ఎండ ఎంత వస్తే అంత మంచిదనుకుంటారు. చికాగోలో ఉన్న మా మేనల్లుడు కొత్తిల్లు కొని, "మామయ్యా, ఇక్కడ కిటికీలు యూ వాల్యూ 0.30 అట, మీ దగ్గరున్న 1.7 కంటే ఎంత మేలో" అని స్టిక్కర్ ఫోటో పెట్టాడు. అమెరికా స్టిక్కర్ మీద కొలత వేరు. దాన్ని 5.68తో గుణిస్తే మన కొలత వస్తుంది. 0.30 అంటే 1.7. రెండూ ఒకటే, నాయనా. ఎస్.హెచ్.జి.సి. మాత్రం ఏ దేశంలోనైనా ఒకే కొలత. బయటి దేశం సరుకు కాగితం చూసేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి.

మరి మనకు ఎంత ఉండాలి? నేనిందాక చెప్పిన కోడ్‌లో వేడి ప్రాంతాల భవనాలకు పడమర, తూర్పు, దక్షిణాల్లో ఎస్.హెచ్.జి.సి. 0.27 దాటకూడదన్నారు, యూ వాల్యూ 3.0 దాటకూడదన్నారు. మీరు కట్టేది ఇల్లే కావచ్చు, ఆ అంకెను పడమటి కిటికీకి కొండగుర్తుగా పెట్టుకోండి. వీ.ఎల్.టీ. 40 శాతం దగ్గరుంటే పగలు లైటు వెయ్యకుండా పేపరు చదువుకోవచ్చు. రెండూ ఒకే అద్దంలో దొరుకుతాయి. కాకపోతే అడగాలి. అడగకపోతే 0.27 కోసం 20 శాతం వెలుతురు కూడా రాని నల్లద్దం అంటగడతారు.

ఇక బిల్లు సంగతి. 1,460 నుంచి 470కి దిగితే వెయ్యి వాట్ల వేడి తగ్గింది. అంత వేడిని తోడటానికి మంచి ఏసీ తీసుకునే కరెంటు 300 వాట్లు. ఎండ నేరుగా పడేది మూడు నాలుగు గంటలు. అంటే కిటికీకి రోజుకి ఒక యూనిట్, మిగతా వేళల తేడా కలిపినా ఒకటిన్నర. ఈ లెక్క చెబితే నా బేరం పోతుందని మా ఆవిడ గొడవ. కానీ "సగం బిల్లు" అని అమ్మితే మర్నాడు నా మీదికే వస్తారు కదా. అద్దం మార్చడం వల్ల నిజంగా తెలిసే తేడా ఒంటికి తెలుస్తుంది. కిటికీ పక్క మంచం మీద పడుకోగలుగుతారు. ఏసీ 20లో పెట్టే చోట 25లో పెట్టినా చాలనిపిస్తుంది. కర్టెన్ రంగు వెలవదు. రెండు టన్నుల ఏసీ కొనే చోట టన్నున్నర సరిపోతుంది.

అద్దం కంటే ముందు నీడ

ఎండ అద్దాన్ని తాకకముందే ఆపగలిగితే ఆ నీడను మించిన అద్దం లేదు. అద్దం దాటొచ్చిన ఎండని లోపలి కర్టెన్ ఆపినా, ఆ వేడి గదిలోనే ఉండిపోతుంది. అందుకే మా అమ్మమ్మ వాళ్ళు వట్టివేళ్ళ తడికలు వసారాకు బయట కట్టేవారు గానీ లోపల కాదు. పడమటి కిటికీకి బయట వెదురు తడికో, నిలువు పలకల లూవర్లో, చుట్టి దించుకునే షేడో పెట్టే వీలుంటే ముందు అది పెట్టండి. అద్దెకుండేవాళ్ళు అయితే నా మాట విని అక్కడితో ఆగండి. ఓనరు కిటికీకి మీ డబ్బు పోయకండి.

బయట కట్టే వీల్లేని అపార్ట్‌మెంట్లలో కొందరు లోపల ఫిల్మ్ అతికిస్తారు. తప్పు కాదు. కాకపోతే టఫెన్ చెయ్యని, అంటే కాల్చి గట్టిపరచని పాత అద్దానికి వేడిని మింగే ముదురు ఫిల్మ్ వేస్తే, సన్‌షేడ్ నీడలో ఉన్న పై సగం చల్లగా, ఎండలో ఉన్న కింది సగం వేడిగా ఉండి అంచు దగ్గర నుంచి గీత పడి పగులుతుంది. అలా పగిలిన అద్దాలు ఏటా వేసవిలో నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. డబుల్ గ్లాస్‌కి ఫిల్మ్ వెయ్యాలంటే అద్దం చేసినవాళ్ళని అడగకుండా వెయ్యొద్దు.

స్మార్ట్ అని చెప్పి అమ్మేవి

మన బజార్లో స్మార్ట్ గ్లాస్ అంటే నూటికి తొంభై సార్లు పీ.డీ.ఎల్.సీ. అంటే పాలరంగు అద్దం. పలకల మధ్య ప్లాస్టిక్ పొరలో ద్రవ స్ఫటికాల బిందువులుంటాయి. కరెంటు ఇస్తే అవన్నీ ఒక వరసలో నిలబడి అద్దం తేటగా మారుతుంది. కరెంటు పోతే చెదిరి పాలరంగు తేలుతుంది. డాక్టరు గారిది ఇదే. చెదిరిన బిందువులు వెలుతుర్ని ఆపవు, నలుమూలలకీ చిమ్ముతాయి. చిమ్మిన దాంట్లో ఎక్కువ భాగం గదిలోకే పడుతుంది. చూపు ఆగుతుంది, వేడి ఆగదు. ఇంకో విషయం, ఇది తేటగా ఉన్నంతసేపూ కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. చదరపు మీటరుకి ఐదు వాట్లలోపే గనక బిల్లుకి భయం లేదు. కానీ కరెంటు పోయినప్పుడల్లా కిటికీ గుడ్డిదవుతుంది. బాత్‌రూమ్‌కి, మీటింగ్ హాలుకి, పూజగదికి భేషుగ్గా ఉంటుంది. ఎండకి మాత్రం కాదు.

వేడిని నిజంగా తగ్గించే రకం ఎలక్ట్రోక్రోమిక్. టంగ్‌స్టన్ ఆక్సైడ్ పూత మీద రంగు మారే ఈ సంగతిని సత్యేన్ దేబ్ అనే శాస్త్రవేత్త 1969లో ప్రకటించారు. కొద్ది వోల్టుల కరెంటు ఇస్తే లిథియం అయాన్లు ఆ పూతలోకి దూరతాయి, అద్దం మెల్లగా నీలంగా ముదురుతుంది. వెనక్కి లాగితే తేటపడుతుంది. మారేటప్పుడే కరెంటు కావాలి, మారాక ఉన్న రంగులో నిలిచి ఉండటానికి దాదాపు అక్కర్లేదు. పెద్ద కిటికీ పూర్తిగా ముదరడానికి చాలా నిమిషాలు పడుతుంది, స్విచ్ వెయ్యగానే ఠక్కున మారదు. డ్రీమ్‌లైనర్ విమానం ఎక్కినవాళ్ళు కిటికీకి రెక్క బదులు బటన్ ఉండటం చూసే ఉంటారు. అది ఈ కుటుంబంలోదే.

అంకెల్లో చెప్పాలంటే, సేజ్‌గ్లాస్ అనే రకంలో తేటగా ఉన్నప్పుడు వెలుతురు 60 శాతం, ఎస్.హెచ్.జి.సి. 0.41. పూర్తిగా ముదిరితే వెలుతురు 1 శాతం, ఎస్.హెచ్.జి.సి. 0.09. మన లెక్కలో పెడితే సాయంత్రం నాలుగింటికి డాక్టరు గారి కిటికీ నుంచి వచ్చే వేడి 200 వాట్లకు పడిపోతుంది. బాగానే ఉంది కదా! కానీ ఒక శాతం వెలుతురంటే పట్టపగలు లైటు వేసుకోవాలి. అంతగా ముదరకుండా మధ్యలో ఆపితే మామూలు 0.27 అద్దానికీ దీనికీ తేడా చాలా తగ్గిపోతుంది. రోజూ పొద్దున తేటగా, సాయంత్రం ముదురుగా కావాలనుకునే పెద్ద అద్దాల ఆఫీసుకి, బయటి దృశ్యం కోసమే కట్టిన హోటలుకి ఇది అర్థవంతం. పది బై పన్నెండు పడకగదికి కాదు. ధర ఊరిని బట్టి, నెలను బట్టి మారుతుంది గనక ఇక్కడ రాయను. కానీ ఆ డబ్బుతో అదే కిటికీకి మంచి లో-ఈ డబుల్ గ్లాసూ, బయట షేడూ రెండూ పెట్టించి ఇంకా మిగుల్చుకోవచ్చు.

ఇంకొకటి, సర్వీసు. అద్దం పాతికేళ్ళు ఉంటుంది, దాన్ని నడిపే కంట్రోల్ బాక్స్ అన్నేళ్ళు ఉంటుందా? ఈ రంగంలో పెద్ద పేరున్న అమెరికా కంపెనీ వ్యూ 2024లో దివాలా పిటిషన్ వేసింది. కాబట్టి అద్దానికి గ్యారంటీ ఎంత, కంట్రోలర్‌కి ఎంత అన్నది విడివిడిగా రాయించుకోండి.

కరెంటే అక్కర్లేకుండా వేడికి తనంతట తానే మారే థర్మోక్రోమిక్ రకం మూడోది. వెనేడియం డయాక్సైడ్ 68 డిగ్రీల దగ్గర గుణం మార్చుకుని పరారుణాన్ని ఆపడం మొదలుపెడుతుంది. మన కిటికీ అద్దం అంత వేడెక్కదు గనక కాస్త టంగ్‌స్టన్ కలిపి ఆ గీతను కిందికి దించుతారు. చదవడానికి ముచ్చటగా ఉంటుంది. బజార్లో అడిగితే దొరికే సరుకు కాదు, కాబట్టి ముందుకు పోదాం.

ఆర్డరు, దిగుమతి, బిగింపు

కిటికీ మొత్తం తెరుచుకునేలా చేయించండి. ఇళ్ళ కోసం 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత అనే కోడ్, కోస్తా లాంటి ఉక్కపోత ప్రాంతాల్లో గది నేలలో ఆరో వంతు మేర తెరుచుకునే ఖాళీ ఉండాలంది. 120 చదరపు అడుగుల గదికి 20 అడుగులు. రెండు ట్రాకుల స్లైడింగ్ పెడితే ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. రాత్రి పదింటికి కృష్ణ మీది నుంచి గాలి తిరిగినప్పుడు, ఎంత స్మార్ట్ అద్దమైనా తెరుచుకోకపోతే గోడతో సమానం. రెక్కల కిటికీయే నయం, రబ్బరు గట్టిగా పట్టి గాలి కూడా లీకవ్వదు. ఫ్రేము అల్యూమినియమైతే మధ్యలో వేడిని తెంచే ప్లాస్టిక్ పట్టీ ఉన్న సెక్షన్ అడగండి. మామూలు అల్యూమినియం యూపీవీసీ ప్లాస్టిక్ కంటే వెయ్యి రెట్లు వేడిని మోస్తుంది.

టఫెన్ చేశాక అద్దాన్ని కొయ్యడం కుదరదు. స్మార్ట్ అద్దమూ అంతే. కొలతలు పైన, మధ్యన, కింద మూడు చోట్ల తీసి, చిన్నదాన్ని పట్టుకోండి. గోడలు కంటికి కనపడినంత నిటారుగా ఉండవు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. పటమటలో ఒక రిటైర్డ్ మాస్టారింట్లో నాలుగు లో-ఈ డబుల్ గ్లాసులు బిగించాం. వారం తర్వాత ఆయన ఫోన్. "ఏమయ్యా, డబ్బు డబుల్ తీసుకున్నావు, వేడి కూడా డబులేనా?" వెళ్ళి లోపలి పలక మీద చెయ్యి పెడితే కాలింది. జేబులోంచి లైటర్ తీసి బయటికెళ్ళి అద్దం ముందు వెలిగించాను. రెండు పలకలకి నాలుగు ముఖాలు, కాబట్టి మంటవి నాలుగు ప్రతిబింబాలు కనిపిస్తాయి. మూడు ఒకే రంగులో, ఒకటి తేడాగా ఉంటుంది. ఆ తేడాది పూత ఉన్న ముఖం. బయటి నుంచి లెక్కపెడితే అది రెండోది కావాలి. నాకు మూడోది ఎర్రగా కనిపించింది. మావాడు నాలుగింటినీ తిప్పి బిగించేశాడు. పూత మింగిన కాస్త వేడి బయటి పలకలో ఉంటే బయటికి పోతుంది, లోపలి పలకలో ఉంటే గదికే వస్తుంది. ఆ రోజే నాలుగూ ఊడదీసి తిప్పాం. మాస్టారు టీ ఇచ్చారు గానీ మిగిలిన బాకీ నెల తర్వాత ఇచ్చారు.

అప్పటి నుంచి లారీ దిగగానే ప్రతి డబుల్ గ్లాస్‌కీ లైటర్ పరీక్ష చేసి, బయటి ముఖం మీద మార్కరుతో "బయట" అని రాస్తాం. మీరు కూడా అగ్గిపెట్టె పట్టుకుని నిలబడండి. సైటులో మీరు ఇంకా చూడాల్సినవి మూడే. అద్దం అడుగున రెండు చోట్ల రబ్బరు దిమ్మలు పెట్టి దాని మీద కూర్చోబెట్టాలి, ఫ్రేములో నీళ్ళు పోయే కన్నాలు తెరిచి ఉండాలి. లేకపోతే వానాకాలం నీళ్ళు నిలిచి అంచు సీలు నానిపోతుంది, రెండేళ్ళలో పలకల మధ్య మబ్బు కమ్ముతుంది. ఆ మబ్బు తుడిస్తే పోదు. మూడోది సిలికాన్. ట్యూబు కొయ్యగానే వెనిగర్ వాసన వచ్చిందంటే ఆపేయమనండి. ఆ రకం డబుల్ గ్లాస్ సీలునీ, పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన లామినేటెడ్ అద్దం అంచునీ తినేస్తుంది. న్యూట్రల్ సిలికాన్ అడగండి. తేడా ట్యూబుకి కొన్ని పదులే, ఫిట్టరు జేబులో ఏది ఉంటే అది వాడతాడు.

అయ్యాక పనిచేస్తోందో లేదో మాటల్లో కాదు, మీటరులో చూడండి. పాత అద్దం ఉన్నప్పుడే మూడు రోజులు సాయంత్రం మూడింటి నుంచి ఏడింటి దాకా ఏసీ ఒకే అంకెలో పెట్టి, మిగతావన్నీ మామూలుగా ఉంచి, యూనిట్లు రాసుకోండి. కొత్త అద్దం వేశాక అలాంటి ఎండ రోజులే మూడు చూసుకుని మళ్ళీ రాయండి. వేడి కొలిచే గన్ ఉంటే లోపలి పలకని లోపలి వైపు నుంచి కొలవండి. గన్‌కి అద్దం అవతలిది కనపడదు, అద్దం వేడే చూపిస్తుంది.

డాక్టరు గారి కిటికీకి 0.27 అద్దం వేశాం, బయట నిలువు లూవర్లు పెట్టాం. ఆ పాల అద్దాన్ని ఏం చెయ్యాలన్నది సమస్య అయింది. కొయ్యలేం, పారెయ్యలేం, అంత డబ్బు పోసింది. చివరికి దాని కొలతకే ఒక ఫ్రేము చేసి, కన్సల్టింగ్ గదికీ పేషెంట్లు కూర్చునే హాలుకీ మధ్య ఉన్న గోడలో పెట్టాం. ఎవరినైనా పరీక్ష చెయ్యాల్సి వస్తే డాక్టరు గారు కుర్చీలోంచే స్విచ్ తీస్తారు, అద్దం పాలరంగులోకి మారుతుంది. కరెంటు పోయినా అదే రంగు. అక్కడ కావలసింది కూడా అదే కదా.